ఆగిన కాయకు యూరియా వేయకండి

తెలంగాణలో చలికి పెట్టింది పేరు ఆదిలాబాద్. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు జారుతుంది. అలాంటి చోట పెరట్లో అంజీర్ వేస్తే కాయ గోళీ అంతయి ఆగిపోతుంది. వారాలు గడిచినా అంతే. కంగారుపడి యూరియా వేశారో, ఆకులు ఏపుగా వస్తాయి. కాయ కదలదు.

అది జబ్బు కాదు, అంజీర్ స్వభావమే అంత. పిందె మొదట గబగబా పెరుగుతుంది. తర్వాత చాలా రోజులు పైకి ఏ మార్పూ ఉండదు. చివర్లో ఒక్కసారిగా ఉబ్బి, మెత్తబడి, మెడ వాల్చేస్తుంది. తీపిలో ఎక్కువ భాగం చేరేది అప్పుడే. చలి ఉంటే ఆ మధ్య దశ ఇంకాస్త సాగుతుంది.

కరీంనగర్‌లో పోటీ పరీక్షలకు చదివేవాళ్లకూ ఈ మధ్య దశ వస్తుంది. మొదట్లో పెరిగిన మార్కులు ఒకచోట నిలిచిపోతాయి. వెంటనే ఇంకో కోచింగ్, నాలుగు కొత్త పుస్తకాలు, రెండు టెలిగ్రామ్ గ్రూపులు! ఇదంతా యూరియానే. ఆగినచోట తగ్గించాలి.

తోటపని తెలిసినవాళ్లు కొమ్మకు ఐదారు ఆకులు రాగానే చిగురు గిల్లేస్తారు, బలం కాయకు మళ్లాలని. బ్రిటన్‌లో చేసే పనికైతే మనసొప్పదు. చలికాలం ముందు చెట్టు మీద మిగిలిన పెద్ద పచ్చికాయలన్నీ తెంపేసి, కొమ్మల చివర బఠానీ గింజంత పిందెలను మాత్రం ఉంచుతారు. పెద్దవి ఆ చలికి ఎలాగూ పండవు. బుల్లివే చలి దాటి మరుసటి వేసవికి పండుతాయి. చదువులో మనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తాం. వచ్చే నెలే పరీక్ష, సిలబస్ సగం అలాగే ఉంది. అయినా ఫీజు కట్టాం కదా అని ఆ పరీక్షనే పట్టుకుని వేలాడతాం. దానికోసం, బుల్లి పిందెలాంటి రోజూ ఇరవై నిమిషాల ఇంగ్లిష్ సాధన మానేస్తాం. ఫీజు పోతే పోనీయండి, ఇంగ్లిష్ ఉంచండి.

(ఆదిలాబాద్ చలి అంత కఠినం కాదు లెండి. ఇక్కడ కాయలు తెంపొద్దు, ఎండ ముదిరేదాకా ఆగండి.)

పక్క రాష్ట్రంలో, పుణె దగ్గరి పురందర్ అంజీర్‌కు 2016లో జీఐ గుర్తింపు దక్కింది. అక్కడ రెండు కాపులు. వానల్లో వచ్చేది ఖట్టా బహార్, ఎండల్లో వచ్చేది మీఠా బహార్. పులుపూ తీపీ ఒకే చెట్టువి. మొదటి ప్రయత్నంలో ఫెయిలై ‘నాకు చదువు రాదు’ అని తేల్చేసుకున్నవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

త్వరగా పండించే కిటుకు లేదా అంటే, ఉంది. మధ్యధరా దేశాల్లో కాయ కన్నుకు (అడుగున ఉండే చిన్న రంధ్రానికి) నూనె చుక్క అద్దుతారు, కొన్ని రోజులు ముందే పండుతుంది. కాకపోతే మధ్య దశ ముగింపుకు వచ్చిన కాయకే అది పనిచేస్తుంది. క్రాష్ కోర్సుల సంగతీ అంతే. సిలబస్ ఒకసారైనా పూర్తయ్యాకే చేరండి. మాక్ ఇంటర్వ్యూలకు డబ్బు మెయిన్స్ రాశాకే కట్టండి.