దేవాంగ పిల్లి దారి

మడకశిర వైపు ఒక పల్లె. రాత్రి బడికి ఆ రోజు అక్కలంతా ఆలస్యంగా వచ్చారు.

“ఏమక్కా, ఈ పొద్దు ఇంత ఆలస్యం?” అని అడిగాను.

“చింతతోపు కాడ జనం గుమికూడినారు టీచరమ్మా. పిల్లోళ్ళు టార్చి వేస్తే చెట్టు మింద రెండు కండ్లు నిప్పుల మాదిరి మెరిసినాయంట. దెయ్యం అని కొందరు, ఊరికి అరిష్టం అని కొందరు. రాళ్ళు కూడా ఏరుకున్నారు.”

అందరం తోపుకు పోయాం. కింది కొమ్మను పట్టుకొని చిన్న ప్రాణి ఒకటి కదలకుండా కూర్చుంది. ఒంటి నిండా కండ్లే ఉన్నట్టుంది.

మా బడిలో అందరికంటే పెద్దది ఒక అవ్వ. ఆమె ముందుకు వచ్చింది.

“దెయ్యమూ కాదు, గియ్యమూ కాదు. ఇది దేవాంగ పిల్లి. నా చిన్నప్పుడు మా నాయన చూపించినాడు. ఇంకా పసిది. రాళ్ళు కింద పారేయండి” అంది.

“తల్లి వదిలేసి పోయిందేమో అవ్వా. ఇంటికి తీసుకుపోయి పాలు పడతాం” అన్నాడు ఒక పిల్లోడు.

“వద్దు నాయనా. తల్లి మేతకు పోయింటాది. మేము చేనికి పోయినప్పుడు చెట్టుకు చీర కట్టి బిడ్డను ఉయ్యాల్లో పండబెట్టలేదా? పని అయినాక వచ్చి ఎత్తుకోలేదా? ఇది కూడా అంతే.”

పిల్లలు రాళ్ళు పారేశారు. అందరం ఇండ్లకు పోయాం. తెల్లవారి చూస్తే కొమ్మ మీద పిల్ల లేదు. చెట్టు కింద ఎక్కడా పడి కూడా లేదు. అవ్వ నవ్వింది.

అవ్వ చెప్పింది నిజమో కాదో అప్పుడు నాకు తెలియదు. తర్వాత పుస్తకాలు చదివాను. అవ్వ చెప్పిన మాటే అందులోనూ ఉంది. అవి మీకూ చెబుతాను.

పిల్లి కాని పిల్లి

పేరులో పిల్లి ఉంది. కానీ ఇది పిల్లి జాతి కాదు. కోతులకు దూరపు చుట్టం. ఆ లెక్కన మనకూ చుట్టమే. తమిళులు దీన్ని తేవాంగు అంటారు. కన్నడం వాళ్ళు కాడు పాప అంటారు. అంటే అడవి బిడ్డ. ఎంత చక్కని పేరో చూడండి!

ఇది జానెడు పొడవు ఉంటుంది. బరువు పావు కిలో. కాళ్ళూ చేతులూ పుల్లల్లా సన్నగా ఉంటాయి. తోక ఉండదు. మన చేతికి ఉన్నట్టే వేళ్ళు ఉంటాయి. వాటితో కొమ్మను గట్టిగా పట్టుకుంటుంది.

పగలంతా పొదల్లో ముడుచుకొని నిద్రపోతుంది. చీకటి పడ్డాక మేతకు బయలుదేరుతుంది. చీకట్లో చూడడానికే అంత పెద్ద కండ్లు. వాటి మీద వెలుతురు పడితే ఎర్రగా మెరుస్తాయి. రాత్రి పూట ఆవు కండ్లు మెరవడం మనం చూడలేదా? ఇదీ అలాంటిదే. ఇందులో దెయ్యం లేదు.

దీని తిండి ఏమిటి? చీమలు, చెదలు, పెంకు పురుగులు, మిడతలు. మన గింజను తినదు. మన కోడిని పట్టదు. పురుగును తిని రైతుకు మేలే చేస్తుంది.

తల్లి అయిదున్నర నెలలు మోస్తుంది. ఒక పిల్లనో, ఇద్దరినో కంటుంది. కొన్ని వారాలు పిల్ల తల్లి పొట్టను కరుచుకొనే ఉంటుంది. ఆ తర్వాత రాత్రి పూట పిల్లను ఒక కొమ్మ మీద ఉంచి తల్లి మేతకు పోతుంది. తిరిగి వచ్చి తీసుకుపోతుంది. ఈ లోపల మనం ‘పాపం’ అని పిల్లను ఎత్తుకుపోతే? తల్లికీ బిడ్డకూ ఎడబాటు చేసిన వాళ్ళం అవుతాం.

కొమ్మే దారి

దేవాంగ పిల్లి కోతిలా దూకలేదు. ఒక చేత్తో ఈ కొమ్మ పట్టుకొని, ఇంకో చేత్తో ఆ కొమ్మ అందుకుంటుంది. అందితేనే పోతుంది. కొమ్మకూ కొమ్మకూ నడుమ సందు వస్తే దారి తెగినట్టే. అప్పుడు నేల మీదికి దిగాలి. నేల మీద కుక్కలు ఉంటాయి. రోడ్డు మీద బండ్లు ఉంటాయి. కరెంటు తీగను కొమ్మ అనుకొని పట్టుకుంటే ప్రాణమే పోతుంది.

దారి తెగడం అంటే ఏమిటో తెలియాలంటే అస్సాం దాకా పోవాలి. అక్కడ జోర్హాట్ జిల్లాలో హోలోంగాపార్ అనే అడవి ఉంది. అందులో హూలాక్ గిబ్బన్ అనే తోక లేని వానరం ఉంది. మగది నల్లగా, ఆడది గోధుమ రంగులో ఉంటుంది. ఆలుమగలూ పిల్లలూ ఒకే కుటుంబంగా బతుకుతారు. పొద్దున్నే ఆలుమగలు గొంతు కలిపి కూస్తారు. కొమ్మల మీద ఊగుతూనే తిరుగుతారు. నేల మీదికి దిగడం చాలా అరుదు.

1997లో ప్రభుత్వం ఆ అడవిని అభయారణ్యంగా ప్రకటించింది. దాని విస్తీర్ణం సుమారు 21 చదరపు కిలోమీటర్లు. వందకు పైగా గిబ్బన్లు ఉన్నాయి. అయితే ఆ అడవిని చీలుస్తూ రైలు పట్టాలు పోతాయి. పట్టాల పైన కొమ్మలు కలవవు. అందుకే ఈ పక్కవి ఆ పక్కకు పోవడం కష్టమైంది. పట్టాలకు రెండు పక్కలా చెట్లు నాటి, కొమ్మలు కలిపే పని మొదలుపెట్టారు. అభయారణ్యం అని బోర్డు పెడితే చాలదు. లోపల దారి కూడా ఉండాలి.

మన దగ్గర

దేవాంగ పిల్లి మన రాయలసీమలో శేషాచలం కొండల్లో ఉంది. మడకశిర దాటితే వచ్చే తుమకూరు జిల్లాలోనూ ఉంది. 2022లో తమిళనాడు దీని కోసమే కడవూరులో అభయారణ్యం పెట్టింది. అది సుమారు 29 వేల ఎకరాలు. దేశంలో దేవాంగ పిల్లికి అదే మొదటి అభయారణ్యం.

కొన్ని చోట్ల దీని కండ్లతో మందులు, వశీకరణాలు చేస్తారని పట్టుకుంటారు. అదంతా మోసం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి పులితో సమానంగా రక్షణ ఇచ్చింది. చంపినా, పట్టినా, అమ్మినా 3 నుంచి 7 ఏండ్ల జైలు, జరిమానా.

అడవిలో ఉండేవాటికి గార్డు కాపలా ఉంటాడు. మన చింతతోపుకూ, చేని గట్టు కంపకూ కాపలా ఎవరు? మనమే.

ఈ మాట అంటే ఒక అక్క లేచింది.

“కంప కొట్టకుంటే పొయ్యి ఎట్ల మండాల టీచరమ్మా? గ్యాసు బండ అయిపోతే మళ్ళీ తెచ్చుకునేదానికి దుడ్లు కావాల. మా సంగటి ఉడకద్దా?”

న్యాయమైన మాటే. నా దగ్గర జవాబు లేదు. ఇంకో అక్కే చెప్పింది. “అంతా ఒక్కసారే మొదలంటా నరికేది ఎందుకు? ఎండిన పుల్లలు ఏరుకుందాం. ఈ ఏడు గట్టుకు ఒక పక్క కొడదాం, ఇంకో పక్క వచ్చే ఏడు కొడదాం. చెట్టుకూ చెట్టుకూ నడుమ అల్లుకున్న తీగలు మాత్రం తెంచకుండా ఉందాం.”

అందరూ ఆలోచించారు. ఆ తర్వాత ఇంకో రెండు మాటలు చేర్చుకున్నారు. గట్లకు నిప్పు పెట్టకూడదు. దెబ్బ తగిలిన దేవాంగ పిల్లి కనిపిస్తే ముట్టకుండా అటవీ శాఖ వాళ్ళకు చెప్పాలి.

ఈ తీర్మానాన్ని ఆ అక్కలే బడి గోడ మీద బొగ్గుతో రాశారు. కింద అవ్వ తన పేరు రాసింది. అందులో ఒక ఒత్తు తప్పింది. మళ్ళీ దిద్దింది.

కొత్త మాటలు

అభయారణ్యం – జంతువులను వేటాడకుండా ప్రభుత్వం కాపాడే అడవి
వన్యప్రాణి – అడవిలో బతికే జంతువు, పక్షి
అరిష్టం – కీడు
తీర్మానం – అందరూ కలిసి చేసుకున్న నిర్ణయం

చెప్పండి

1. దేవాంగ పిల్లి కండ్లు రాత్రి ఎందుకు మెరుస్తాయి?
2. పిల్లను ఇంటికి తీసుకుపోవద్దని అవ్వ ఎందుకు చెప్పింది?
3. రైలు పట్టాల వల్ల గిబ్బన్లకు వచ్చిన కష్టం ఏమిటి?

మాట్లాడుకోండి

మీ ఊరి తోపులో, గట్ల మీద పదేండ్ల కిందట ఏయే చెట్లు ఉండేవి? ఇప్పుడు ఏవి ఉన్నాయి? ఊరిలోని పెద్దవాళ్ళను అడిగి, పేర్లు పలక మీద రాయండి.