మన సేద్యానికి మన వెబ్‌సైట్ క్యాలెండర్: పీహెచ్‌పీతో నెలవారీ పట్టిక తయారుచేసుకునే పద్ధతి



బియ్యం, కూరగాయలు, దేశీ విత్తనాలు నేరుగా అమ్ముకోవడానికి మనవాళ్లు కొందరు సొంత వెబ్‌సైట్ పెట్టుకున్నారు. ఆ సైట్‌లోనే ఒక నెలవారీ క్యాలెండర్ ఉంటే జీవామృతం ఏ రోజు కలపాలి, ఏ రోజు పారించాలి, ఏ మడి కోతకు వస్తుంది అన్నది ఇంట్లో వాళ్లందరూ ఒకేచోట చూసుకోవచ్చు. ఈరోజు పాఠం దాని గురించే. వీడియోలో తెర మీద చేసి చూపించిన పనినే ఇక్కడ మెట్టు మెట్టుగా రాస్తున్నాను. పక్కన పెట్టుకుని చేసుకోండి.

ముందుగా, నెలలు తిప్పే సౌకర్యం ఎందుకు కావాలి?

ఒక ఉదాహరణ చూడండి. 2026 జులై 17న వరి నాట్లు వేశారనుకుందాం. 15 రోజులకోసారి ఎకరాకు 200 లీటర్ల జీవామృతం నీటితో పాటు పారించాలి. అలా ఐదు విడతలు లెక్కేస్తే ఆగస్టు 1, 16, 31, సెప్టెంబరు 15, 30 తేదీలు వస్తాయి. మరి జీవామృతం కలిపిన తర్వాత నీడలో 48 గంటలు పులియాలి కదా! అంటే ఆగస్టు 1న పారించాలంటే డ్రమ్ములో కలపాల్సింది జులై 30న. ఆగస్టు పేజీ ఒక్కటే చూసుకుంటే 1వ తేదీ పొద్దున్నే పొలానికి వెళ్లాక డ్రమ్ము ఖాళీగా ఉంటుంది. అక్కడితో విడత రెండు రోజులు వెనక్కి పోతుంది.

పంట నెల హద్దులు చూసుకుని పెరగదు. అందుకే క్యాలెండర్‌లో "గత నెల", "ఈ నెల", "వచ్చే నెల" అనే మూడు లింకులు తప్పనిసరిగా ఉండాలి.

సర్వర్ దగ్గరే ఎందుకు చేయాలి?

పీహెచ్‌పీ సర్వర్‌లో నడుస్తుంది. లెక్కంతా అక్కడే జరిగి, తయారైన పట్టిక మాత్రమే ఫోన్‌కి వస్తుంది. పొలం దగ్గర సిగ్నల్ సరిగా లేకపోయినా, ఫోన్ పాతదైనా పేజీ తేలిగ్గా తెరుచుకుంటుంది. పైగా ఒక్కో నెలకి ఒక్కో చిరునామా ఉంటుంది కాబట్టి ఆగస్టు పేజీ లింకుని అలాగే వాట్సాప్‌లో పంపించుకోవచ్చు.

మొదటి మెట్టు: నెల, ఏడాది తీసుకోవడం

పేజీ చిరునామా చివర ప్రశ్న గుర్తు పెట్టి నెల=8, ఏడాది=2026 అని రెండు అంకెలు పంపిస్తాం. ఏమీ పంపకపోతే ఈరోజు ఉన్న నెలే చూపించాలి. పీహెచ్‌పీలో చలరాశుల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు, $నెల, $ఏడాది అని రాసినా పనిచేస్తుంది. ఫైలుని మాత్రం యూటీఎఫ్-8 లో సేవ్ చేయాలి.

చిరునామాలో ఎవరు ఏమైనా టైప్ చేయొచ్చు. కాబట్టి వచ్చిన దాన్ని ఇంట్‌వాల్‌తో అంకెగా మార్చి, నెల 1 నుంచి 12 లోపు ఉందా, ఏడాది మనం పెట్టుకున్న హద్దులో (ఉదాహరణకు 2020 నుంచి 2035) ఉందా అని చూడాలి. లేకపోతే ఈ నెలకే తీసుకెళ్లాలి. ఏడాదికి హద్దు లేకపోతే గూగుల్ లాంటి సెర్చ్ రోబోలు "వచ్చే నెల" లింకు పట్టుకుని అంతూ పొంతూ లేకుండా పోతూనే ఉంటాయి, సర్వర్ మీద భారం పడుతుంది.

రెండో మెట్టు: మూడు లెక్కలు

ఏ నెలకైనా తెలియాల్సినవి మూడే:

1. ఆ నెల 1వ తేదీ ఏ వారం?
2. ఆ నెలలో ఎన్ని రోజులు?
3. చివర ఎన్ని గడులు ఖాళీ?

ఎంకేటైమ్ ఫంక్షన్‌కి గంట, నిమిషం, సెకను, నెల, తేదీ, ఏడాది ఈ వరుసలోనే ఇవ్వాలి. తేదీ దగ్గర 1 ఇస్తాం. వచ్చిన ఫలితాన్ని డేట్ ఫంక్షన్‌కి ఇచ్చి చిన్న డబ్ల్యు అక్షరం అడిగితే వారం అంకెగా వస్తుంది (ఆదివారం 0, శనివారం 6). చిన్న టి అక్షరం అడిగితే ఆ నెలలో రోజులెన్నో వస్తుంది. లీపు సంవత్సరం కూడా అదే చూసుకుంటుంది, మనం వేరే రాయక్కర్లేదు. పెద్ద అక్షరాలు రాయకండి, వాటికి అర్థం వేరు.

2026 జులై 1 బుధవారం, అంటే 3. ముందు మూడు గడులు ఖాళీ. 3 + 31 = 34. ఏడుతో భాగిస్తే శేషం 6, కాబట్టి చివర 1 ఖాళీ. మొత్తం 5 వరుసలు.

2026 ఆగస్టు 1 శనివారం, అంటే 6. 6 + 31 = 37. శేషం 2, చివర 5 ఖాళీలు. మొత్తం 6 వరుసలు.

2026 ఫిబ్రవరి 1 ఆదివారం, రోజులు 28. ముందూ వెనకా ఖాళీలే లేవు, సరిగ్గా 4 వరుసలు. ఇక్కడ జాగ్రత్త! శేషం 0 వచ్చినప్పుడు "7 లోంచి శేషం తీసేయ్" అంటే 7 ఖాళీ గడులు వచ్చి ఉత్త వరుస ఒకటి పడుతుంది. శేషం 0 అయితే చివరి ఖాళీలు వద్దు అని ఒక షరతు పెట్టాలి.

మూడో మెట్టు: పట్టిక గీయడం

ముందు ఆది నుంచి శని వరకు పేర్లతో ఒక వరుస. తర్వాత ఖాళీ గడులు. ఆ తర్వాత 1 నుంచి నెలాఖరు వరకు ఒక లూప్. ప్రతి తేదీ గడి వేశాక, ముందున్న ఖాళీలు + ఆ తేదీ కలిపి ఏడుతో నిశ్శేషంగా భాగితమైతే ఆ వరుస ముగించాలి. నెల ఇంకా మిగిలి ఉంటే కొత్త వరుస మొదలుపెట్టాలి.

నాలుగో మెట్టు: గత నెల, వచ్చే నెల

డిసెంబరులో ఉంటే వచ్చే నెల 13 కాదు, మరుసటి ఏడాది జనవరి. జనవరిలో ఉంటే గత నెల 0 కాదు, పోయిన ఏడాది డిసెంబరు. ఎంకేటైమ్‌కి 13 ఇచ్చినా 0 ఇచ్చినా అదే సర్దుకుని సరైన నెల, ఏడాది ఇస్తుంది. కానీ తేదీ దగ్గర ఎప్పుడూ 1 ఉండాలి. ఈరోజు తేదీ పట్టుకుని "ఒక నెల కలుపు" అని అడిగితే, 2026 జనవరి 31కి వచ్చేది మార్చి 3! ఫిబ్రవరిలో 31 లేదు కదా, మిగిలిన రోజులు మార్చిలోకి జారిపోతాయి. ఫిబ్రవరి పేజీ మొత్తం ఎగిరిపోతుంది.

ఐదో మెట్టు: పనులు గుర్తు పెట్టడం

మైఎస్‌క్యూఎల్‌లో మూడు నిలువు వరుసల పట్టిక చాలు: తేదీ, మడి పేరు, పని. నాటు తేదీ ఒక్కటి ఇస్తే పీహెచ్‌పీ దానికి 15 రోజుల చొప్పున కలుపుకుంటూ "పారించాలి" అని, ప్రతిదానికీ 2 రోజుల ముందు "కలపాలి" అని రాసేయాలి. ఇక్కడ రోజులే కలపండి. "ప్రతి నెలా 5, 20" అని పెట్టుకుంటే ఆగస్టు 20 నుంచి సెప్టెంబరు 5కి 16 రోజులు వస్తాయి, ఫిబ్రవరి 20 నుంచి మార్చి 5కి 13 రోజులే వస్తాయి.

పేజీ తెరిచినప్పుడు ఆ నెల 1వ తేదీ మొదలు, వచ్చే నెల 1వ తేదీకి ముందు వరకు ఉన్న పనులన్నీ ఒకేసారి తెచ్చుకుని గడుల్లో వేయాలి. గడి గడికీ డేటాబేస్‌ని అడిగితే పేజీ నెమ్మదిస్తుంది. "కలపాలి"కి ఒక రంగు, "పారించాలి"కి ఇంకో రంగు ఇస్తే చదువురాని వాళ్లకి కూడా తెలుస్తుంది.

కార్తెలు సూర్యుణ్ని బట్టి నడుస్తాయి కాబట్టి ఏటా దాదాపు అవే తేదీలకు వస్తాయి. మృగశిర జూన్ 7, 8 ప్రాంతంలో వస్తుంది కదా. అమావాస్య, పౌర్ణమి అలా కాదు, ఏటా మారతాయి. వాటిని బట్టి కషాయాలు కొట్టే అలవాటున్నవాళ్లు ఉగాదికి కొత్త పంచాంగం చూసి ఒక్కసారే ఎక్కించుకోండి.

ఆరో మెట్టు: ఈరోజు గడి

ఈరోజు గడికి వేరే రంగు పెడతాం. అయితే సర్వర్ గడియారం చాలాసార్లు యూటీసీలో ఉంటుంది, మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. తెల్లవారుజామున 4 గంటలకు లేచి చూసే రైతుకి ఆ క్యాలెండర్ నిన్నటి తేదీనే "ఈరోజు" అని చూపిస్తుంది. పట్నంలో 8 గంటలకు చూసేవాళ్లకి ఈ తప్పు కనిపించదు, మనకే కనిపిస్తుంది! అందుకే ఫైలు మొదట్లోనే టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా అని పెట్టాలి.

చివరగా, పరీక్ష

పేజీ అయిపోయాక ఇవి తెరిచి చూడండి: 2026 ఫిబ్రవరి (4 వరుసలు రావాలి), 2026 ఆగస్టు (6 వరుసలు), 2028 ఫిబ్రవరి (29 రోజులు), 2026 డిసెంబరు నుంచి వచ్చే నెల నొక్కితే 2027 జనవరి. నెల దగ్గర 13 అని, ఇంకోసారి అక్షరాలు టైప్ చేసి చూడండి, రెండుసార్లూ ఈ నెలకే రావాలి. ఆ తర్వాత జులై పేజీ తెరిచి 30వ గడిలో "కలపాలి" అని ఉందో లేదో చూడండి. అది కనిపిస్తే మీ క్యాలెండర్ పొలానికి పనికొచ్చినట్టే.

ముందు ఒక్క మడికి చేసి చూడండి. ఒక పంటకాలం వాడాక మిగతా మడులు కలుపుకోండి.