వెనక ఎర్ర దీపం

ఈ పాఠం మా పిన్నమ్మ సంగతితో మొదలుపెడతాను.

మా పిన్నమ్మకు రెండు గేదెలున్నాయి. తెల్లవారుజామున 4 గంటలకు లేచి పాలు పితుకుతుంది. 5 గంటలకల్లా పాల కేంద్రంలో పోయాలి. కేంద్రం మా ఊళ్లో లేదు. పక్క ఊళ్లో ఉంది. అక్కడికి పోవాలంటే పెద్ద రోడ్డు అంచున ఒక కిలోమీటరు పోవాలి. నెల్లూరు మీదుగా చెన్నైకి పోయే రోడ్డే అది. 2010లో ఆ రోడ్డు నంబరు 16గా మారింది. అయినా మా పెద్దవాళ్లు ఇప్పటికీ 5వ నంబరు రోడ్డు అనే అంటారు. రాత్రనక పగలనక లారీలు పోతూనే ఉంటాయి.

పిన్నమ్మ సైకిలు మీద పోతుంది. క్యారియర్‌కు అటొక పాల క్యాను, ఇటొక పాల క్యాను కడుతుంది. క్యాన్లు జారకుండా పైన గోనెపట్టా కప్పి తాడు బిగిస్తుంది. హ్యాండిల్‌కు ఒక టార్చిలైటు. దారి బాగానే కనబడేది.

పోయిన సంవత్సరం సంక్రాంతి ముందు ఒక రోజు వెనక నుంచి లారీ వచ్చి క్యానును రాసుకుంటూ పోయింది. పిన్నమ్మ రోడ్డు పక్కన పడింది. ఎడమ కాలు విరిగింది. పాలన్నీ నేలపాలు. డ్రైవరు పారిపోలేదు. ఆపి, దిగి, వణుకుతూ నిలబడ్డాడు. “అమ్మా, నీ మీద ఒట్టు, నువ్వు నాకు కనబడనే లేదు” అన్నాడు.

మొదట మాకు కోపం వచ్చింది. ఇంత మనిషి, ఇంత సైకిలు, చేతిలో లైటు కూడా ఉంది. కనబడకపోవడమేమిటి? తర్వాత ఆ సైకిలును మా ఇంటి ముందు నిలబెట్టి వెనక నుంచి చూశాను. అప్పుడు అర్థమైంది. అతను అబద్ధం చెప్పలేదు.

టార్చిలైటు ముందుకు చూస్తోంది. లారీ వచ్చింది వెనక నుంచి. వెనక మడ్‌గార్డు మీద ఎర్ర బిళ్ల ఒకటుంది. దాని మీద గోనెపట్టా వేలాడుతోంది. పిన్నమ్మ కట్టుకున్నది ముదురు నీలం చీర. ఇక ఆ చీకట్లో కనబడేదేముంది?

మనకు దారి కనబడటం ఒకటి. మనం ఇతరులకు కనబడటం ఇంకొకటి. చాలామంది మొదటిది ఉంటే రెండోది కూడా ఉన్నట్టే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. మీకు భాగాహారం వచ్చింది కదా! లారీ గంటకు 60 కిలోమీటర్లు పోతోంది అనుకోండి. గంటకు 60 నిమిషాలు. అంటే నిమిషానికి 1 కిలోమీటరు, అంటే 1000 మీటర్లు. 1000ని 60తో భాగించండి. దాదాపు 17 వచ్చింది కదా? అంటే లారీ ఒక్క సెకనులో 17 మీటర్లు పోతుంది. మనం ఒకసారి ఊపిరి పీల్చేలోగా అంత దూరం!

డ్రైవరు మనల్ని చూసి, బ్రేకు మీద కాలు వేయడానికి సెకనున్నర పడుతుంది. ఈలోగా లారీ 25 మీటర్లు వచ్చేస్తుంది. బ్రేకు వేశాక కూడా వెంటనే ఆగదు. బరువు లారీ ఇంకో 30 మీటర్లయినా ముందుకు పోతుంది. వానకు రోడ్డు తడిసి ఉంటే ఇంకా ఎక్కువే. 25కు 30 కలిపితే 55 మీటర్లు. మన అంగలతో కొలిస్తే 80 అంగల పైమాటే. అంత దూరం నుంచే మనం కనబడాలి.

మరి ఎంత దూరం నుంచి కనబడుతున్నాం? ఇది పుస్తకంలో చూసి చెప్పడం కాదు. మా చదువుల కేంద్రంలో ఒక అమావాస్య రాత్రి మేమే చేసి చూశాం. ఊరి బయట చెరువు రోడ్డు మీద ఒక మోటారు సైకిలు నిలబెట్టి, దాని లైటును కిందికి దించి వేశాం. ఒక అక్క ముదురు ఆకుపచ్చ చీరలో నడుచుకుంటూ అవతలికి పోయింది. మిగతావాళ్లం అంగలు లెక్కపెట్టాం. 40 అంగలు దాటేసరికి అక్క లేదు! చీకట్లో కలిసిపోయింది. తెల్ల చీర కట్టిన ముసలమ్మ 90 అంగల దాకా మసకగా కనబడింది. తర్వాత ఆకుపచ్చ చీర అక్కకే రేడియం పట్టీ ఒకటి చేతికి చుట్టి పంపాం. 200 అంగలు లెక్కపెట్టి మేమే అలిసిపోయాం గాని ఆ పట్టీ మాత్రం మెరుస్తూనే ఉంది. “దయ్యం కన్నులా ఉందే!” అని అందరూ ఒకటే నవ్వు.

రేడియం అని మనం అంటాం గాని అందులో రేడియం ఏమీ ఉండదు. దానంతట అది వెలగదు కూడా. దాని మీద సన్నని గాజుపూసల వంటివి ఉంటాయి. వెలుతురు ఎటు నుంచి వచ్చి పడితే మళ్లీ అటే తిప్పి పంపుతాయి. లారీ లైటు పడితే ఆ వెలుతురు లారీ డ్రైవరు కంటికే పోయి చేరుతుంది. సైకిలు వెనక ఎర్ర బిళ్ల, పెడల్‌కు ఉండే పసుపు బిళ్ల కూడా ఇదే పని చేస్తాయి. పెడల్ బిళ్లలు చాలా మంచివి. కాళ్లతో పాటు పైకీ కిందికీ కదులుతుంటాయి. దూరం నుంచే “ఇది సైకిలు, మనిషి తొక్కుతున్నారు” అని తెలిసిపోతుంది.

కాని వీటికి ఒక లోపం ఉంది. ఎదుటి బండి లైటు పడకపోతే ఇవి గుడ్డివి. బురద పడినా గుడ్డివే. అందుకే వెనక ఒక లైటు కూడా కావాలి.

మా తాతల కాలంలో డైనమో ఉండేది. టైరుకు రాసుకుని తిరిగే చిన్న సీసాలాంటిది. లోపల అయస్కాంతం తిరిగితే కరెంటు పుడుతుంది. సెల్లుల ఖర్చు లేదు. కాని సైకిలు ఆగితే లైటు కూడా ఆరిపోతుంది. రోడ్డు దాటడానికి ఆగి నిలబడ్డామా, సరిగ్గా అప్పుడే చీకటి! వానలో టైరు మీద జారుతుంది కూడా. ఆ రోజుల్లో పట్టణాల్లో లైటు లేని సైకిలును పోలీసులు ఆపేవాళ్లని తాత చెబుతుంటాడు. ఇప్పుడు ఎవరూ ఆపడం లేదు. ఆపితే బాగుండునని నాకనిపిస్తుంది.

ఇప్పుడు ఎల్‌ఈడీ లైట్లు వచ్చాయి. చిన్నవి, తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగుతాయి. కొన్నిటికి సెల్లులు వేయాలి. కొన్నిటిని సెల్‌ఫోను లాగే ఛార్జి పెట్టుకోవచ్చు. ముందు తెల్లది, వెనక ఎర్రది పెట్టాలి. తారుమారు చేయకండి. వెనక తెల్ల లైటు పెడితే, ఏదో బండి ఎదురుగా వస్తోందని డ్రైవరు అనుకుంటాడు. ముందు లైటును కొంచెం నేలకు వంచి పెట్టండి. ఎదుటివాళ్ల కళ్లలో కొడితే వాళ్లకు ఏమీ కనబడదు.

ఎదుటి లైటు అంటే గుర్తొచ్చింది. ఎదురుగా బస్సు ధగధగ లైట్లతో వస్తున్నప్పుడు మన వెనక వచ్చే డ్రైవరుకు కళ్లు చెదురుతాయి. ఆ రెండు మూడు సెకన్లు రోడ్డు అంచు అతనికి కనబడదు. మనం ఉండేది ఆ అంచులోనే. ఎదురుగా అలాంటి లైట్లు, వెనక లారీ చప్పుడు రెండూ కలిసి వస్తే నేనైతే రోడ్డు దిగి నిలబడతాను. పొద్దు గూకే వేళ కూడా అంతే. పడమటికి పోయే డ్రైవరు కంట్లో సూర్యుడే పడతాడు. “ఇంకా వెలుతురుంది కదా” అని లైటు వేయకుండా ఉండొద్దు. మంచు కురిసే రోజుల్లో తెల్ల చీర కూడా పనికిరాదు. మంచూ తెలుపే, చీరా తెలుపే.

లైటు ఎక్కడ కట్టాలన్నది మన ఆడవాళ్లకు మరీ ముఖ్యం. షాపువాడు సీటు కింద బిగిస్తాడు. అతను ప్యాంటు వేసుకునేవాడు, క్యారియర్ మీద ఏమీ పెట్టుకోడు. మనకు పైట కొంగు ఉంటుంది. వెనక గడ్డిమోపో, క్యానో, కూరగాయల గంపో, బిడ్డో ఉంటుంది. సీటు కింద లైటు వెలిగినా ఎవరికి కనబడుతుంది? కాబట్టి క్యారియర్ చివర గాని, మడ్‌గార్డు చివర గాని కట్టించండి. మోపు మరీ పెద్దదైతే మోపుకే వెనక వైపు కట్టండి. కొంగు నడుముకు చుట్టి దోపుకోండి. లైటుకు అడ్డం రాదు, చక్రంలోనూ పడదు.

పిన్నమ్మ కథ ఇంకా అయిపోలేదు. కాలుకు రాడ్డు వేశారు. మూడు నెలలు మంచం. లేచాక మా బాబాయి, “ఇక సైకిలు ముట్టుకోవద్దు” అన్నాడు. సైకిలు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పాలు ఇంటికొచ్చే బేరగాడికి పోశారు. కేంద్రం కంటే లీటరుకు తక్కువ ఇచ్చాడు. ఆ డబ్బు కూడా బాబాయి చేతికే. పిన్నమ్మ కాలు విరిగినప్పుడు ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది.

ఆడవాళ్లకు సైకిలంటే ఏమిటో తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా అక్కలను అడగాలి. 1990ల మొదట్లో అక్కడ చదువుల ఉద్యమంతో పాటే వేలమంది పల్లె ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. నీళ్లకూ, పనికీ, సంతకూ ఎవరినీ అడగకుండా పోయారు. వాళ్ల సంగతి పిన్నమ్మకు చెప్పాను. “వాళ్లు నేర్చుకున్నది నా దగ్గర లాగేసుకున్నారే అమ్మాయ్” అంది.

నేను బాబాయితో వాదించలేదు. ఒక రాత్రి ఆయన్ను చెరువు రోడ్డుకు తీసుకుపోయి, మోటారు సైకిలు మీద కూర్చోబెట్టాను. ముందు సైకిలు ఎలా ఉండేదో అలాగే పెట్టి చూపించాను. తర్వాత ఎర్ర లైటు, రేడియం పట్టీలు కట్టి చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తాళంచెవి మర్నాడు పొయ్యి గట్టు మీద కనబడింది.

ఇప్పుడు పిన్నమ్మ మళ్లీ పాల కేంద్రానికి పోతోంది. మొన్న తెల్లవారుజామున నన్ను నిద్ర లేపింది. “ఏమే అమ్మాయ్, కొత్త గోనెపట్టా కట్టాను. వెనక్కి పోయి చూసి చెప్పు” అంది. నేను కళ్లు నులుముకుంటూ నూరంగలు వెనక్కి నడిచాను. తిరిగి చూశాను. పట్టా అంచు లైటు మీద కొంచెం పడుతోంది. గట్టిగా అరిచి చెప్పాను. పిన్నమ్మ దిగి, పట్టా పైకి మడిచి తాడు బిగించింది.