టమాటా తొక్క తెగేంత పదును

మార్కాపురం

మనవడా,

నీ ఉత్తరం అందింది. గిద్దలూరు హోటల్లో చాకు నూరి ముంజేతి వెంట్రుకలు గొరిగి చూపిస్తే వంట మాస్టరు మెచ్చుకున్నాడన్నావు. అదే చాకు కోడి ఎముక మీద పడి అంచు పెచ్చులేచిందనీ రాశావు. ఆ మెప్పు ఎందుకొచ్చిందో, ఈ నష్టమూ అందుకే వచ్చింది నాయనా. గొరిగేంత పలచన చేసిన అంచు ఎముకకు, ఎండుకొబ్బరికి ఆగదు.

పలకల పనిలో చేరిన కొత్తలో నేనూ ఇంతే. రాయిని పొరలుగా విడదీసే వెడల్పాటి ఉలిని రాత్రంతా నూరి తీసుకుపోయాను. సందున పెట్టి సుత్తితో ఒక్కటి వేశాను. పొర విడలేదు. ఉలి రాయిలోకే దిగబడి పలక రెండు ముక్కలైంది. పక్కనున్న పెద్దాయన తన ఉలి నా చేతికిచ్చాడు. మొన సన్నగానే ఉంది గానీ వేలు తెగేటట్టు లేదు. మెల్లగా తట్టేకొద్దీ పొర తనంతట తనే విచ్చుకుంది. ఆ ఉలి పని కొయ్యడం కాదు, దారి తెరవడం.

నీ చాకు పని కూరగాయలు. సానరాయి మీద నిట్టనిలువుగా పెట్టి సగానికి వాల్చు, మళ్లీ సగానికి వాల్చు. దాదాపు 22 డిగ్రీలు వస్తుంది, అది చాలు. ఎముకలు కొట్టే కత్తి వేరే పెట్టుకో, దానికి 30 దాకా ఉండాలి. ఒకవైపు నూరుతుంటే అవతలి అంచున సన్నటి గరుకు వేలికి తగులుతుంది. అది మొదలు నుంచి మొన దాకా వచ్చాకే చాకు తిప్పు. చివర్లో ఆ గరుకు తీసెయ్యకపోతే రెండోరోజుకే మొద్దుబారుతుంది.

అది తీయడానికి నేను వాడేది మన పలక ముక్కే. ఊరి చుట్టూ గుట్టలుగా పడున్న తుక్కులో చదునైనది ఏరి, తడిపి, తేలిగ్గా నాలుగుసార్లు లాగుతాను. పలకరాయి ఇనుమును పెద్దగా తినదు, మొదటి నూరుడుకు పనికిరాదు, ఇలా చివరి పనికే. వేల్స్ దేశంలోనూ పలకరాయితో సానరాళ్లు చేస్తారు. చాకును సైకిల్ సానకు మాత్రం ఇవ్వొద్దు. రవ్వలు లేచి అంచు నీలం తిరిగితే అక్కడ ఇక పదును నిలవదు.

పండిన టమాటా మీద చాకు ఆనించి ఒత్తకుండా వెనక్కి లాగు. తొక్క పట్టి తెగిందా, ఆపెయ్. ఇంకా నునుపు చేస్తే తొక్క మీద జారుతుంది.

సెలవు దొరికినప్పుడు ఆ పెచ్చులేచిన చాకు అట్టలో చుట్టి తీసుకురా. రైల్లో కంభం దాటాక ఫోన్ చెయ్యి, పలక తడిపి ఉంచుతాను.

మీ తాతయ్య