ఆరు తతామీల గది, ఆదివారం ప్రయాణం

ప్రశ్న: ఉద్యోగానికి టోక్యో వచ్చాను. ఆరు తతామీ చాపలు పట్టే గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. సెలవు రోజు ఊపిరాడదు. ఒంటరిగా ఎక్కడికైనా వెళ్లాలంటే బెరుకు. ఏం చేయమంటారు?

జవాబు: ఆరు తతామీలంటే సుమారు పది చదరపు మీటర్లు. అంత చోటులో ఎవరికైనా అలాగే ఉంటుందమ్మా. పొద్దున లేవగానే ఫుటాన్ పరుపు ఎత్తి ఆరేయండి. నేల మీదే వదిలేస్తే అడుగున బూజు పడుతుంది, నడవడానికి చోటూ ఉండదు.

మొదటి ప్రయాణానికి నా ఓటు తకావో కొండకే. షింజుకులో కేయో లైన్ రైలెక్కితే గంటలోపే కొండ కింద దిగుతారు. ఎత్తు 599 మీటర్లే. ఒకటో నంబరు దారి చాలావరకు సిమెంటు పరిచిన బాట, మధ్యలో యకుఓయిన్ గుడి. ఒంటరిగా నడిచే పెద్దవాళ్లు బోలెడుమంది కనిపిస్తారు, మిమ్మల్నెవరూ వింతగా చూడరు. చలికాలంలో ఆకాశం తేటగా ఉంటే పైనుంచి ఫుజి పర్వతం కనిపిస్తుంది. ఆకులు ఎర్రబడే నవంబరు వారాంతాల్లో మాత్రం వద్దు, కొండెక్కే కేబుల్ కారు దగ్గర జనం బారులు తీరతారు.

శాకాహారులైతే జాగ్రత్త: అక్కడి సోబా నూడుల్స్ రసంలో మామూలుగా చేప కలుస్తుంది. పులిహోర కట్టుకెళ్లండి. ఎక్కడికెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఎవరికైనా మెసేజ్ పెట్టండి. బెరుకు తగ్గాక కమకురా పట్టణానికి వెళ్దురుగాని.