పంట ప్రయోగాల సర్వర్‌లో డేటాబేస్ డ్రైవర్ అనుసంధానం: తెలుగు పేర్ల పరిరక్షణ

అనకాపల్లిలో చెరకు పరిశోధన 1913లో ప్రారంభమైంది. ఇటువంటి దీర్ఘకాలిక పరిశోధనలలో దిగుబడి అంకె ఎంత ముఖ్యమో, అది ఏ మండలానికి, ఏ గ్రామానికి చెందినదన్న వివరమూ అంతే ముఖ్యం. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖపట్నం జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విభజితమైంది. పాత ఫలితాలను కొత్త జిల్లాలవారీగా విడదీయడానికి ఆధారం మండలం పేరే.

ఈ పేర్లు తెలుగు లిపిలో నమోదైనప్పుడు డేటాబేస్ డ్రైవర్ ఎంపిక కీలకమవుతుంది. ప్రోగ్రామ్‌కు, డేటాబేస్‌కు మధ్య సమాచారాన్ని చేరవేసే సాఫ్ట్‌వేరే డ్రైవర్. నౌక రేవుకు చేరినంత మాత్రాన సరుకు చెడకుండా చేరినట్లు కాదు. అనుసంధానం కుదిరినంత మాత్రాన అక్షరాలు భద్రంగా చేరినట్లూ కాదు.

విండోస్ సర్వర్‌పై మైఎస్‌క్యూఎల్ ఓడీబీసీ డ్రైవర్‌ను అమర్చేటప్పుడు ఈ క్రమాన్ని పాటించాలి.

1. ప్రోగ్రామ్ 32 బిట్‌లదైతే డ్రైవర్ కూడా 32 బిట్‌లదే, 64 బిట్‌లదైతే 64 బిట్‌లదే కావాలి.

2. ఆన్సీ, యూనికోడ్ అనే రెండు డ్రైవర్లలో యూనికోడ్‌ను ఎంచుకోవాలి. పట్టికల అక్షర సంకేతం యూటీఎఫ్8ఎంబీ4గా ఉండాలి.

3. డీఎస్ఎన్‌ను 'యూజర్' విభాగంలో కాక 'సిస్టమ్' విభాగంలో నెలకొల్పాలి. వేరే ఖాతాతో నడిచే సర్వీసుకు యూజర్ డీఎస్ఎన్ కనిపించదు.

4. సర్వర్ చిరునామా, పోర్టు సంఖ్య (సాధారణంగా 3306), డేటాబేస్ పేరు ఇవ్వాలి. అవసరమైన పట్టికలకే అనుమతి గల ప్రత్యేక ఖాతాను వాడాలి.

'టెస్ట్' మీట నొక్కగానే విజయ సందేశం రావడంతో పని ముగిసినట్లు భావించరాదు. ఆన్సీ మార్గంలో తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోవచ్చు; అంకెలు మాత్రం యథాతథంగా చేరుతాయి. దిగుబడి పట్టిక సక్రమంగానే కనిపించడం వల్ల లోపం చాలాకాలం బయటపడదు. ప్రశ్నార్థకంగా నిల్వ అయిన పేరును డేటాబేస్ నుంచి తిరిగి రాబట్టడం అసాధ్యం.

అందుచేత ప్రోగ్రామ్ ద్వారానే 'అనకాపల్లి' అనే పదాన్ని ఒక పరీక్ష పట్టికలో నమోదు చేసి, డేటాబేస్‌లో దాని పొడవును కొలవాలి. యూనికోడ్‌లో గుణింత గుర్తులు, పొల్లుతో కలిపి ఈ పదానికి 9 సంకేతాలు. యూటీఎఫ్8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున 27 బైట్లు. ఫలితం 9, 27 అని వస్తే పేరు భద్రం. రెండూ 9 అని వస్తే నిల్వ అయినవి ప్రశ్నార్థకాలే. క్షేత్ర వివరాల నమోదును ఈ పరీక్ష నెగ్గిన తరువాతనే ప్రారంభించాలి. డ్రైవర్‌ను మార్చిన ప్రతిసారీ పరీక్షను పునరావృతం చేయాలి.