పై డివిజనుకు క్లబ్బు సిద్ధమేనా? - మొహమ్మదన్ స్పోర్టింగ్ చరిత్రపై ఒక పరిశీలన

ఒక ఫుట్‌బాల్ క్లబ్బు క్రింది డివిజనులో ప్రథమ స్థానం పొందినంత మాత్రాన పై డివిజనులో ఆడడానికి సిద్ధమైనట్లేనా? 2024 ఏప్రిల్‌లో కలకత్తా మొహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్బు ఐ-లీగ్ గెలిచి ఇండియన్ సూపర్ లీగ్‌లో ప్రవేశించడానికి అర్హత సంపాదించినప్పుడు మేము ఈ ప్రశ్న వేసుకోలేదు. మిఠాయిలు పంచుకున్నాము. 1891లో స్థాపించబడి, తాతల కాలం నుండి మన ఇళ్ళలో పేరు వినిపించే క్లబ్బు కదా! అభిమానం ఉన్న చోట పరీక్షించే చూపు మందగిస్తుంది. ఆ లోపాన్ని కొంతవరకైనా సరిదిద్దుకోవడానికే ఈ వ్యాసం.

ముందుగా ఇదే క్లబ్బు చరిత్రలోని మరొక ప్రమోషన్‌ను గమనించాలి. కలకత్తా లీగ్ 1898లో ప్రారంభమైనది. 1933 వరకు దాని మొదటి డివిజను విజేతలందరూ ఆంగ్లేయుల జట్లే. పటాలాల వారు కొందరు, దొరల క్లబ్బుల వారు కొందరు. 1911లో ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచి దేశమంతటా పేరు పొందిన మోహన్ బగాన్ 1915 నుండి మొదటి డివిజనులో ఆడుతున్నప్పటికీ లీగ్ విజయం దానికి 1939 వరకు లభించలేదు. అటువంటి డివిజనులోనికి మొహమ్మదన్ స్పోర్టింగ్ 1934లో కొత్తగా అడుగుపెట్టి, మొదటి ఏటనే విజేతగా నిలిచినది. ఆ తరువాత 1938 వరకు వరుసగా ఐదేళ్ళు ఆ స్థానాన్ని ఎవరికీ విడువలేదు. 1940లో డ్యూరాండ్ కప్పు కూడా గెలిచినది.

దీనిని అదృష్టమని కొట్టివేయడానికి వీలులేదు. కలకత్తా లీగ్ వానాకాలపు లీగ్. పొడి నేల మీద వట్టి కాళ్ళతో మన ఆటగాళ్ళు చూపే చురుకుదనం బురద నేల మీద నిలిచేది కాదు. బూట్లు వేసుకున్న సోల్జర్లు నిలద్రొక్కుకొనేవారు, మనవారు జారిపడేవారు. ఇది అందరికీ తెలిసిన విషయమే. మొహమ్మదన్ కార్యనిర్వాహకులు చేసినదల్లా, తెలిసిన విషయానికి తగిన ఏర్పాటు చేయడం. తడి నేల మీద తమ ఆటగాళ్ళకు బూట్లు తొడిగించారు. బెంగాల్‌లో దొరికిన వారితో సరిపెట్టుకొనక, బెంగుళూరు మొదలైన దూర ప్రాంతాల నుండి ఆటగాళ్ళను రప్పించారు. పై డివిజనులో ఎదురయ్యే కష్టం ఏదో గ్రహించి, దానికి తగిన ఉపాయం ముందే సమకూర్చుకోవడమే సన్నద్ధత అని మా అభిప్రాయం.

ఇక 2024 సంగతి. ఐ-లీగ్‌లో 24 ఆటలకు 52 పాయింట్లు సాధించిన జట్టు అది. ఆట విషయంలో ఆ అర్హతను ఎవరూ శంకించలేరు. అయితే ఏప్రిల్‌లో అర్హత, సెప్టెంబరులో పై లీగ్. నడుమ ఉన్నవి ఐదు నెలలు. ఆ వ్యవధిలో ఆటగాళ్ళను చేర్చుకోవాలి, మైదానం చూసుకోవాలి, అన్నిటికంటె ముఖ్యంగా డబ్బు ఎక్కడ నుండి వస్తుందో తేల్చుకోవాలి.

మొదటి రెండు ఆటలను జాగ్రత్తగా పరిశీలించవలసినదిగా విద్యార్థులను కోరుతున్నాము. నార్త్ ఈస్ట్ యునైటెడ్‌తో 90 నిమిషాలు సరిసమానంగా పోరాడి, అదనపు సమయంలో గోల్ ఇచ్చి 0-1తో ఓడినది. తరువాత గోవాతో 1-0 ఆధిక్యంలో ఉండి, మళ్ళీ అదనపు సమయంలోనే గోల్ ఇచ్చి 1-1తో సరిపెట్టుకున్నది. మూడవ ఆటలో చెన్నయిన్‌ను వారి ఊరిలోనే 1-0తో ఓడించినది. అనగా పదకొండు మందిలో సామర్థ్యం లేకపోలేదు. అలసిన వారి స్థానంలో దిగి చివరి పది నిమిషాలు నిలబెట్టగల వారు బెంచీ మీద తగినంతమంది లేరు. క్రింది డివిజనులో ఈ కొరత బయటపడదు, అక్కడ ఎదుటి జట్టు కూడా అంతే అలసి ఉంటుంది. పై డివిజను ప్రతి జట్టు బెంచీని పరీక్షిస్తుంది.

సీజను సాగిన కొద్దీ జీతాల బకాయిల వార్తలు పత్రికలలో రాసాగినవి. 2025 జనవరిలో శిక్షకుడు ఆండ్రే చెర్నిషోవ్ జీతం అందని కారణంగా వైదొలగినాడు. ఆ నెలలోనే బెంగుళూరులో సాధించిన 1-0 విజయం రెండవదీ, చివరిదీ అయినది. మొత్తం 24 ఆటలలో 2 గెలుపులు, 7 సమానాలు, 15 ఓటములు; పదమూడు జట్లలో పదమూడవ స్థానం. ఆ లీగ్‌లో క్రింది డివిజనుకు దించే నియమం లేకపోవడం వల్ల స్థానం నిలిచినది గాని, మర్యాద నిలిచినదని చెప్పలేము. ఇంటి అద్దెకు, పిల్లల ఫీజుకు నెల జీతం మీద ఆధారపడిన వారెవరికైనా ఆ ఆటగాళ్ళ మనస్థితిని వేరుగా వివరించనవసరం లేదు.

ఈ విషయంలో హైదరాబాదుకు రెండు అనుభవాలున్నవి. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు పోలీసు జట్టు ఒకటి. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1962 ఏషియన్ క్రీడలలో భారత జట్టుకు స్వర్ణం సాధించిపెట్టిన శిక్షకుడు. ఆయన ప్రతిభను గురించి అందరూ చెబుతారు. ఆ ఆటగాళ్ళకు పోలీసు ఉద్యోగం ఉండేదన్న సంగతి మాత్రం ఎవరూ తలచుకోరు. రేపటి భోజనాన్ని గురించి చింత లేని కాళ్ళు అవి. రెండవ అనుభవం ఇందుకు విరుద్ధం. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022లో సూపర్ లీగ్ విజేత అయినది. రెండేళ్ళు తిరగకుండా జీతాలందక ఆటగాళ్ళు వెళ్ళిపోగా, 2023-24లో 22 ఆటలకు ఒక్క విజయంతో అట్టడుగున నిలిచినది. కప్పు గెలిచిన జట్టు సైతం పై డివిజనులో నిలబడడానికి సిద్ధంగా లేకపోవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది.

2024లో మొహమ్మదన్ వెనుక ద్వితీయ స్థానంలో నిలిచినది కూడా మన హైదరాబాదు జట్టే: శ్రీనిధి డెక్కన్. తేడా నాలుగు పాయింట్లు. అజీజ్ నగర్‌లో ఆ క్లబ్బుకు సొంత మైదానం ఉన్నది. మొహమ్మదన్ మాత్రం మైదాన్‌లోని తన పాత గ్రౌండు విడిచి కిశోర్ భారతి స్టేడియంలో ఆడవలసి వచ్చినది. పాయింట్ల పట్టిక ఒకరిని పైకి పంపినది. ఆ ఐదు నెలలలో ఎవరు ఎక్కువ సిద్ధంగా ఉన్నారని మా తరగతిలో ఒక విద్యార్థి అడిగినప్పుడు, అభిమానం అడ్డు వచ్చినా, మేము శ్రీనిధి పేరే చెప్పవలసి వచ్చినది.